సగం గోళీ

ఊట్లగుంపులో కోడలికి భయపడే అత్త ఒక్కతే ఉంది. ఆమె జంపక్క. ములకలపల్లి నుంచి అడవిలోకి పోయే తోవలో వాగు దాటగానే కనిపించే రేకుల ఇల్లు వాళ్లది. పొద్దున్నే ఆ ఇంటి ముందు నుంచి పోయేవాళ్లకు రోజూ ఒకే మాట వినబడేది.

“నోరు తెరువత్తా. నాలిక ఎత్తు. ఇగో, ఈ బుగ్గ చూపియ్యి.”

డెబ్బై దాటిన జంపక్క చంటిపిల్లలా నోరు తెరిచేది. కోడలు శారద వంగి, వెలుతురు పడేలా అత్త తలను అటూ ఇటూ తిప్పి, షుగరు గోళీ గొంతు దిగిందని నమ్మకం కుదిరాకే గంజి గిన్నె చేతికిచ్చేది. సంతలో ఎద్దును కొనేవాడు కూడా అంత పరీక్షగా చూడడని చుట్టుపక్కల వాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వనీ, శారదకు లెక్కేమిటి?

ఆమె సంగతి తెలిసినవాళ్లు మాత్రం నవ్వరు. చండ్రుగొండ దగ్గర ఆమె పుట్టింట్లో తల్లికి ఇదే జబ్బు వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. కాలి వేలికి ముల్లు గుచ్చుకుంది, పుండు మానలేదు, వేలు నల్లబడింది, చివరికి మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు అత్తకు కూడా షుగరుందని తెలిసిన రోజు శారద అన్నం ముట్టలేదు. “ఈమె కాలు మాత్రం నేను పోనియ్య” అని మొగుడు రమణతో అన్నది. అన్న మాట మీద నిలబడే మనిషే. అత్తకు బెల్లం చాయ్ బందు చేసింది, మామిడిపండు బందు చేసింది, రెండో ముద్ద అన్నం కూడా బందు చేసింది.

ఇంత చేసినా షుగరు దిగితే ఒట్టు! ఎప్పుడు పరీక్ష చేయించినా ఎక్కువే. మూడు నెలల కిందట రమణ ఇద్దరినీ టౌనుకు తీసుకుపోయి ఒక పెద్ద డాక్టరుకు చూపించాడు. ఆయన కాగితం చూసి, తల కూడా ఎత్తకుండా, “గోళీలు ముసలమ్మకు ఇస్తున్నావా, వాగులో పారేస్తున్నావా?” అని శారదను అడిగాడు. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా విన్నారు. శారద ముఖం కందిపోయింది. ఆయన గోళీ బలం రెండింతలు చేసి రాసిచ్చాడు. బస్సులో వస్తున్నంతసేపూ శారద కిటికీలోంచి బయటికి చూస్తూనే కూర్చుంది. మరుసటి పొద్దున మొదలైంది ఈ నోరు తెరిపించే వ్యవహారం.

అప్పటి నుంచి షుగరు దిగింది. దిగడమంటే అట్లా ఇట్లా కాదు. ఊరికి వచ్చి వేలు పొడిచి చూసే సిస్టరమ్మ కూడా, “భేష్ శారదా, నీ లెక్క అందరు చూసుకుంటే మాకు పనే ఉండదు,” అన్నది. శారద పొంగిపోయింది, ఎందుకు పొంగదు? అయితే దిగుతున్నది ఎంతవరకు దిగుతుందో అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

జంపక్కలో మాత్రం ఏదో తేడా వచ్చింది. పొద్దెక్కేసరికి చెమటలు పట్టేవి. ఊరికే చిరాకుపడేది. ఒకరోజు రోటి దగ్గరికి పోయి, ఎందుకు వచ్చిందో మర్చిపోయి అక్కడే కూర్చుండిపోయింది. ఇంకోరోజు గుమ్మం దగ్గర తూలి గోడ పట్టుకుంది. “వయసు మీద పడుతున్నది గద,” అన్నాడు రమణ. శారద కూడా అదే అనుకుంది. ముసలివాళ్లకు ఏం జరిగినా ముసలితనం మీదికే నెట్టేయడం మనకు భలే అలవాటు!

కొత్తల పండగ వచ్చింది.

కోయవాళ్ల గూడేల్లో కొత్త ధాన్యం ఇంటికొచ్చినా, వేలుపుకు పెట్టేదాకా గింజ నోట్లో వేసుకోరు. ఊరి బయట చెట్ల నడుమ వేలుపు రాళ్లున్న చోట కొత్త కుండలో కొత్త బియ్యం వండాలి. ఆ కుండ పొయ్యి మీద పెట్టే పని ఊట్లగుంపులో జంపక్కదే. ఆమె కంటే పెద్ద ఆడమనిషి ఊళ్లో లేదు. నైవేద్యం అయ్యేదాకా ఆమె పచ్చి మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టదు. ఆమె తిన్నాకే ఊరు తింటుంది.

ఆ పొద్దున స్నానం చేసి, తడి జుట్టుతో కూర్చున్న అత్త ముందుకు శారద గోళీతో వచ్చింది.

“ఇయ్యాల తినేది లేదు గదనే,” అన్నది జంపక్క. “గోళీ ఎందుకే?”

“తినకుంటే ఇంకా మంచిది. షుగరు ఎక్కదు. పండగని గోళీ బందు పెడ్తమా? మింగు.”

జంపక్క కోడలి ముఖం వైపు చూసింది. ఏదో అనబోయి మానుకుంది. గోళీ మింగి నోరు తెరిచింది. శారద చూసి, తృప్తిగా తల ఊపింది.

అన్నీ సవ్యంగా జరిగితే పొద్దు నెత్తికెక్కకముందే నైవేద్యం అయిపోయేది. కానీ డోళ్లు వాయించేవాళ్లు పక్క గూడెం నుంచి రావాలి. వాళ్ల బండి తోవలో పంక్చరైందట. డోలు లేనిదే వేలుపును ఎలా పిలుస్తారు? పూజారి పగిడయ్య రాళ్లకు పసుపు పూసి, కోళ్లను కట్టేసి, ఆకుదొప్పలో తేనె పోసి, తోవ వైపు చూస్తూ కూర్చున్నాడు. జంపక్క పొయ్యి ముందు కూర్చుంది. కుండ ఉడికింది, దింపింది. ఎండ పెరిగింది. జంపక్క అక్కడి నుంచి కదల్లేదు.

చివరికి డోళ్లు వచ్చాయి. మొదటి దెబ్బ పడిందో లేదో జంపక్క ఒళ్లు వణకడం మొదలుపెట్టింది.

ముందు చేతులు వణికాయి. తర్వాత తల. ముఖం మీద చెమట ధారకట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడడం లేదు. నోట్లోంచి ముద్దముద్దగా ఏవో మాటలు. ఎవరో ఆడమనిషి కేక వేసింది.

“వేలుపొచ్చింది! జంపక్క మీదికి వేలుపొచ్చింది!”

అంతే, డోళ్లు రెండింతలయ్యాయి. ఆడవాళ్లు ఆమె పాదాల మీద నీళ్లు పోశారు, నుదుట పసుపు రాశారు. శారద గుండె గర్వంతో నిండింది. తమ ఇంటి మనిషిని వేలుపు ఎంచుకోవడం చిన్న సంగతా! ఆమె చేతులు జోడించి అత్త ఎదురుగా నిలబడింది.

పగిడయ్య ముందుకు వంగి గట్టిగా అడిగాడు. “ఎవరు తల్లీ నువ్వు? ఏ వేలుపువు? మావల్ల ఏం తక్కువైంది? చెప్పు.”

జంపక్క పెదాలు కదిలాయి. ఏమీ రాలేదు.

“ఎవరు నువ్వు? పేరు చెప్పు తల్లీ!”

“ఆ... ఆకలి...” అన్నది జంపక్క. నాలుక తిరగడం లేదు.

“వేలుపు ఆకలంటున్నది! కోడిని తెండి జల్దీ!”

కోడిని విప్పడానికి ఇద్దరు పరిగెత్తారు. డోలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నది. ఆ సందట్లో ఒక ముసలాయన జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ వచ్చి డోలు మీద అరచెయ్యి పెట్టి అదిమేశాడు. ఆయన బొజ్జయ్య, జంపక్క తమ్ముడు. ఊరి చివర ఒంటిగా ఉంటాడు, నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు.

“ఆపుండ్రి! వేలుపు గాదు. గోళీ! ఇది గోళీ చేసిన పని!”

జనం గుర్రుమన్నారు. పండగ నడుమ డోలు ఆపడమంటే మాటలా? “ముసలోనికి మతి పోయింది, పక్కకు గుంజుండ్రి,” అన్నాడొకడు. బొజ్జయ్య కదల్లేదు. శారద వైపు తిరిగాడు.

“బిడ్డా, నాకు గిట్లనే అయింది. చేన్ల పడిపోయిన. చెమటలు పట్టినయ్, నాలిక మొద్దువారింది. అక్కే వచ్చి నోట్ల బెల్లం పెట్టింది. అప్పుడు లేచిన.”

“నీకు గోళీ ఎక్కడిది చిన్నాయనా?” అన్నది శారద.

బొజ్జయ్య తల దించుకున్నాడు. అందరూ వింటున్నారు. “అక్క ఇచ్చేది. మొదటి నుంచి. పంటితోని కొరికి సగం తను మింగేది, సగం కొంగున కట్టుకొచ్చి నాకిచ్చేది. నాకు గూడ షుగరున్నదని క్యాంపుల చెప్పిండ్రు. దవాఖానాకు నేను తిరగలేనని ఇచ్చేది. కొత్త గోళీ వచ్చినంక ఒకసారి నాలిక కింద దాచి తెచ్చింది. ఆ రోజే నేను పడిపోయిన. తెల్లారి నుంచి నువ్వు నాలిక ఎత్తించుడు మొదలువెట్టినవ్.”

శారదకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకుండా అంతా ఒక్కసారి అర్థమైంది. అత్త ఇన్నేళ్లూ మింగింది సగం గోళీ. సగానికి షుగరు దిగలేదు. దిగలేదని డాక్టరు బలం రెండింతలు చేశాడు. ఆ రెండింతల గోళీని తాను ముక్క కూడా పోకుండా, నోరు తెరిపించి మరీ మింగించింది. ఇవాళ పస్తు కడుపు మీద మింగించింది. ‘నేనే చంపుతున్నా,’ అనుకుంది.

“తీపి! తీపి ఏదన్న తెండి!” అని అరిచింది.

ఊరు అక్కడికి దగ్గరేం కాదు. ఎవరి దగ్గర బెల్లం ఉంటుంది? కళ్లు అటూ ఇటూ తిప్పిన శారదకు వేలుపు రాళ్ల ముందున్న తేనె దొప్ప కనిపించింది. అటు పరిగెత్తింది. పదిమంది ఒకేసారి “ఆగు!” అన్నారు. వేలుపు రుచి చూడకముందు ఎంగిలి పడితే ఊరికి అరిష్టం. ఏడాదంతా ఎవరింట్లో ఏ గండం వచ్చినా ఆ పాపం శారద నెత్తినే పడుతుంది. ఆ సంగతి శారదకూ తెలుసు. చెయ్యి చాచి ఒక్క క్షణం ఆగిపోయింది. వెనక జంపక్క తల పక్కకు వాలింది.

పగిడయ్య రాళ్ల వైపు చూశాడు, ముసలామె వైపు చూశాడు. తానే దొప్ప ఎత్తి శారద చేతిలో పెట్టాడు.

“ముసలిదాని పానం తీసి తేనె తాగే వేలుపు కాదు మనది. తీస్కో బిడ్డా. ఏమన్నైతే నాకైతది.”

శారద అత్తను ఒళ్లో పక్కకు తిప్పి పడుకోబెట్టింది. వేలిని తేనెలో ముంచి చిగుళ్లకు రాసింది, బుగ్గ లోపల రాసింది. గొంతులో పోస్తే ఊపిరాడదేమోనని భయం. మళ్లీ ముంచింది, మళ్లీ రాసింది. “అత్తా, చప్పరించు. అత్తా, నీ కాళ్లు మొక్కుత, చప్పరించు.” ఎంతకీ చలనం లేదు. తర్వాత పెదవి కొంచెం కదిలింది. నాలుక తేనెను వెతుక్కుంది.

రమణ అప్పటికే ట్రాలీ ఆటో తీసుకొచ్చాడు. తోవ పొడుగునా గుంతలే. శారద అత్త తలను గుండెకు ఆనించుకుని, దొప్పలో మిగిలిన తేనె ఒలక్కుండా పట్టుకుని కూర్చుంది. పక్కన బొజ్జయ్య అక్క కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఆటో ఎగిరినప్పుడల్లా ఇద్దరూ జంపక్క ముఖం వైపు చూసేవాళ్లు. ఒకసారి కళ్లు తెరిచింది. మళ్లీ మూసింది. మండల దవాఖానా గేటు కనిపించేసరికి శారదకు దేవుడు కనిపించినట్టే అయింది.

డాక్టరమ్మ నిర్మలాదేవి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వేలు పొడిచి చూసింది, అంకె చూసి పెదవి కొరుక్కుంది, సూది వేసి గ్లూకోజు ఎక్కించింది. కాసేపటికి జంపక్క కళ్లు తెరిచి, పైకప్పు చూసి, చుట్టూ చూసి, “కుండ ఎవరు చూస్తుండ్రే?” అన్నది. శారద పక్కున నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తర్వాత కోపం వచ్చింది. భయం పోగానే వచ్చే కోపం ఎట్లా ఉంటుందో ఇంట్లో పెద్దవాళ్లున్న అందరికీ తెలిసిందే.

“ఇన్నేండ్లు నన్ను మోసం చేస్తివి గదత్తా! సగం సగం పంచుకుంటిరా? అది చాక్లెట్టనుకున్నవా? ఒక్క మాట చెప్తే ఏమైతుండె?”

“చెప్తే నువ్వు ఊకుంటవా?” అన్నది జంపక్క నీరసంగా. “మంచి చేసే వస్తువు ఇంట్లున్నది. నా తోడబుట్టినోనికి అదే జబ్బున్నది. నేనొక్కదాన్నే ఎట్ల మింగుతనే? అడవిల ఏం దొరికినా ఇంటింటికి ఇంత పంచుకోకుంట ఎన్నడన్న తిన్నమా?”

పక్క గదిలో బొజ్జయ్య వేలు కూడా పొడిచి చూశారు. షుగరు కొంచెం ఉంది, భయపడేంత లేదు. ఆయనకు వేరుగా చీటీ రాస్తానని, ఇక ఎవరి గోళీ ఎవరూ మింగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బొజ్జయ్య బడిలో దొరికిపోయిన పిల్లాడిలా తల ఊపాడు.

పొద్దు వాలుతున్నది. రమణ ఫోను ఆగకుండా మోగుతున్నది. ఊళ్లో ఎవరూ ముద్ద ముట్టలేదు. జంపక్క చేతి మీదుగా నైవేద్యం జరగనిదే పిల్లలకు కూడా పెట్టకూడదు. రమణ డాక్టరమ్మ దగ్గరికి పోయాడు.

“మేడం, అమ్మ మంచిగనే మాట్లాడుతున్నది. తీసుకపోతం. ఒక్క గంటల పండగ కానిచ్చి, కావాల్నంటే రేపు తీసుకొస్తం.”

“కుదరదు,” అన్నది డాక్టరమ్మ. “ఇది తొందరగా దిగిపోయే గోళీ కాదు. దాని బలం రేపటిదాకా ఒంట్లో ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ల కిడ్నీలైతే బయటికి పంపేస్తాయి, ఈమె కిడ్నీలకు అంత సత్తువ లేదు. సూదితో లేచింది గానీ మళ్లీ పడిపోవచ్చు.”

“పడిపోతే తేనె పెడ్తం గద మేడం. ఊరు ఊరంత ఉపాసముంది.”

“పోదాం బిడ్డా,” అన్నది జంపక్క మంచం మీది నుంచి. “నాకేం కాలే. కుండ నేను దింపిన, నేనే పెట్టాలె.”

“పోయేది లేదు!” అన్నది శారద.

రమణకు రోషం వచ్చింది. “పొద్దున గోళీ మింగించినప్పుడు గూడ నీ మాటే చెల్లె. ఇప్పుడు గూడ నీ మాటేనా? ఏమైంది, చూస్తివి గద!”

ఆ మాట శారదకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నిజమే కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది. రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. ఇక తన మాట ఎవరు నమ్ముతారు? తన మాట తానే నమ్మలేని స్థితిలో ఉంది. తీసుకుపోతే ఏమవుతుంది, ఉంచితే ఏమవుతుంది, ఏది మంచి? తల్లి విషయంలో పట్టించుకోక పోగొట్టుకున్నారు. అత్త విషయంలో పట్టించుకునే ఇంత దూరం తెచ్చింది. రమణ తల్లి చెప్పులు వెతకడం మొదలుపెట్టాడు. శారద వద్దనలేదు.

చెప్పులు మంచం కింద దొరికాయి. రమణ వంగి తీసి, “అమ్మా, లే,” అన్నాడు.

జంపక్క లేవలేదు. కొడుకు వైపు చూస్తున్నది గానీ, ఆ చూపులో కొడుకు లేడు. నుదుటి మీద చెమట చుక్కలు మొలిచాయి.

“మేడం!” అని శారద పెట్టిన కేకకు దవాఖానా అంతా ఉలిక్కిపడింది.

మళ్లీ సూది, మళ్లీ వేలు పొడవడం. ఈసారి లేవడానికి ఎక్కువసేపు పట్టింది. ఆ ఎక్కువసేపూ రమణ చేతిలో చెప్పులు అట్లాగే ఉన్నాయి. తల్లి కళ్లు తెరిచాక బయటికి పోయి పగిడయ్యకు ఫోను చేశాడు. “మీరు కానియ్యుండ్రి. అమ్మ రాదు. ఎవరో ఒక పెద్దమనిషితో పెట్టియ్యుండ్రి,” అని, ఇంకేమీ చెప్పలేక కట్ చేశాడు. లోపలికి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. తప్పయిందని నోటితో అనలేదు, ఒక గ్లాసు చాయ్ తెచ్చి ఇచ్చాడు.

తెల్లారేసరికి జంపక్క నిలకడగా ఉంది. ఇడ్లీ తిన్నది, సిస్టరమ్మతో ఊళ్లో ఎవరెవరి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో మాట్లాడింది. డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఇప్పుడు అసలు సంగతి మాట్లాడుకుందాం,” అన్నది. “ఆ గోళీ నేను ఆపేస్తాను. దాని బదులు చిన్నదొకటి ఇస్తాను. దాంతో ఇట్లా పడిపోవడం ఉండదు. కానీ షుగరు మీరు ఇన్నాళ్లు దించినంతగా దిగదు. కొంచెం ఎక్కువే ఉంటుంది.”

“ఎక్కువుంటే ఎట్ల మేడం?” అన్నది శారద. “ఎక్కువుంటే కాళ్లు పోతయ్ గద!”

“పోవచ్చు. కాళ్లు, కళ్లు, కిడ్నీలు. అబద్ధం చెప్పను. కానీ షుగరు ఎక్కువుండి చేసే చెడ్డ ఏళ్ల మీద జరుగుతుంది. తక్కువై చేసే చెడ్డ ఒక్క పూటలో జరుగుతుంది, నిన్న చూశారు. నలభై ఏళ్ల మనిషైతే ముందున్న కాలం చూసి గట్టిగా దించమంటాను. ఈ వయసులో అంత గట్టిగా దించితే వచ్చే లాభం తక్కువ, ప్రమాదం ఎక్కువ. నా సలహా అది.”

“అయితే కాలికి ఏం కాదని చెప్పుండ్రి.”

“చెప్పలేను.”

శారద లేచి నిలబడింది. ఇన్నేళ్లు లోపల దాచుకున్నదంతా బయటపడింది. “మా అమ్మ కాలు తీసేసినప్పుడు మీరు చూడలే మేడం! నేను చూసిన. ఆ పుండు వాసనకు ఇంట్ల ఎవ్వరు అన్నం తినలే. లేని కాలు నొస్తున్నదని ఏడ్చేది, ఆడ ఒత్తమనేది. ఏం ఒత్తాలె నేను? మంచం ఒత్తేదాన్ని. మళ్ల అదే నా చేతులతోని ఈమెకు తెచ్చుకోమంటున్నరా?”

డాక్టరమ్మ ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత నెమ్మదిగా అన్నది. “రెండు పక్కలా భయముంది శారదా. ఏ భయమూ లేని మందు నా దగ్గర లేదు. నా సలహా చెప్పాను. ఒప్పుకోవాల్సింది మీరు. ఎందుకంటే రోజూ ఇంట్లో మీరు చూసుకోవాలి.”

“నువ్వే చెప్పు,” అన్నాడు రమణ భార్యతో. “నువ్వేదంటే అది. నేనేం అనను.”

కిందటి రోజు పొద్దున అయితే శారద ఒక్క క్షణం ఆలోచించేది కాదు. గోళీ ఎంత, ముద్ద ఎంత, అన్నీ తానే తేల్చేది. ఇప్పుడు ఏది అన్నా భయమే. దిక్కుతోచక చుట్టూ చూసింది. మంచం మీద జంపక్క అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నది. తన ఒంటి గురించే మాట్లాడుతున్నారు, తనను మాత్రం ఎవరూ ఏమీ అడగడం లేదు.

ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదన్న సంగతి శారదకు అప్పుడు తట్టింది. మంచం అంచున కూర్చుంది.

“అత్తా, నువ్వు చెప్పు. నీకు దేనికి భయం?”

జంపక్క సూది గుచ్చిన చేతిని ఇంకో చేత్తో నిమురుకుంటూ కూర్చుంది.

“నిన్న పగిడయ్య అడిగిండు, నువ్వెవరని. నాకు ఇనవడ్డది. చెప్దామని చూసిన బిడ్డా. పేరు దొరకలే. నా పేరు నాకు దొరకలే. ఎంత దేవులాడినా దొరకలే. నువ్వు నా ఎదురుంగ చేతులు జోడిచ్చి నిలబడ్డవ్. ఎవరో ఆడిమనిషి, మంచిగ మొక్కుతున్నది అనుకున్న. నువ్వని ఎర్క లేదు.”

శారద అత్త చెయ్యి పట్టుకుంది.

“గంతమంది నడుమ గంత ఒంటిగ నేనెప్పుడు లేను. కాలు పోతే పోనియ్యే. మంచంల కూసోని నిన్ను పిలుస్త. నువ్వు తిడ్తవ్, నేను తిడ్త. రమణ వచ్చి ఇద్దర్నీ తిడ్తడు. మనం మనమే అని ఎర్క ఉంటది గద. నేనెవరో నాకే ఎర్క లేకుంట మాత్రం నన్ను పంపకు బిడ్డా. గంతే నా భయం.”

బొజ్జయ్య కిటికీ వైపు తిరిగి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. శారద అత్త చెయ్యి వదలకుండానే డాక్టరమ్మ వైపు చూసింది.

“తగ్గియ్యుండ్రి మేడం,” అన్నది.

ఆ మాట అనడానికి ఆమె ఎంత బలం కూడదీసుకోవాల్సి వచ్చిందో చూసినవాళ్లకే తెలుసు. ఇవాళ్టి నుంచి అత్త కాలికి చిన్న ముల్లు గుచ్చుకున్నా తన ప్రాణం పోయినంత పనవుతుందని ఆమెకు తెలుసు. అయినా అన్నది. డాక్టరమ్మ చీటీ రాసి రమణకు ఇచ్చి, ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడు శారద కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఏడ్చుడెందుకే?” అన్నది జంపక్క, కోడలి వీపు మీద చెయ్యి వేసి. “నేనింకా ఈడనే ఉన్న గద.”